రిపోర్టులో 'సెన్సిటివ్' అని ఉన్నా కుట్లు మానలేదు: ఒక పెట్ క్లినిక్ కేసు

ఈ కేసు తెలుగు రాష్ట్రాల్లోని ఒక ప్రైవేట్ పెట్ క్లినిక్‌ది. ఊరు చెప్పను. జంతువులను, మనుషులను గుర్తుపట్టే వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను. నేను అక్కడ డాక్టర్‌ని కాదు, వెటర్నరీ మైక్రోబయాలజీ చదివి క్లినిక్‌లకు ఇన్ఫెక్షన్ల విషయంలో సలహా ఇచ్చే పనిలో ఉన్నాను. వాళ్లకి చెప్పే రాస్తున్నాను.

నేపథ్యం

ఇద్దరు డాక్టర్లు, ఇద్దరు కాంపౌండర్లు, ఒక అటెండర్. రోజూ ఓపీ ఉంటుంది, వారంలో కొన్ని రోజులు ఆపరేషన్లు. ఎక్కువగా ఆడకుక్కలకు గర్భసంచి తీయడం, అప్పుడప్పుడు యాక్సిడెంట్ కేసులకు ఎముకలో ప్లేట్ వేయడం. ఓటీ పక్కనే చిన్న ప్రిపరేషన్ గది. ఆపరేషన్‌కి ముందు వెంట్రుకలు తీయడం, చర్మం జబ్బులున్న కుక్కలకు మందు స్నానం, డ్రెస్సింగులు, సెలైన్ పెట్టడం అన్నీ ఆ గదిలోనే. షాపు గదులు అద్దెకు తీసుకుని క్లినిక్ నడిపేవాళ్లకి ఇంతకంటే స్థలం ఎక్కడ దొరుకుతుంది, కాబట్టి దీన్ని నేను తప్పుగా రాయడం లేదు. కానీ కథంతా ఆ గదిలోనే ఉంది.

సమస్య

కొద్ది వారాల వ్యవధిలో నాలుగైదు కుక్కలకు ఆపరేషన్ కుట్ల దగ్గర చీము పట్టింది. అందులో ఒక్కటి తప్ప మిగతావి గర్భసంచి ఆపరేషన్లు, చర్మం వరకే పాకిన ఇన్ఫెక్షన్లు. ఆ ఒక్కటి మాత్రం ఇబ్బందికరమైన కేసు: బైక్ గుద్ది తొడ ఎముక విరిగిన కుర్ర నాటు కుక్క, ప్లేటు, స్క్రూలు వేసి నిలబెట్టారు. వారం తిరక్కుండానే కుట్ల కింద మెత్తగా ఉబ్బి, ఒక చోట నుంచి రసి కారడం మొదలైంది.

దానికి ముందు సెఫ్ట్రయాక్సోన్ ఇంజెక్షన్లు ఇచ్చారు. తగ్గలేదు. అమాక్సిసిలిన్-క్లావులనేట్‌కి మార్చారు. అదీ పనిచేయకపోయాక చీము తీసి, దగ్గర్లో ఉన్న, మనుషుల శాంపిళ్లు చూసే ఒక ల్యాబ్‌కి పంపారు. 'స్టాఫిలోకాకస్ ఆరియస్, సెఫాక్సిటిన్ సెన్సిటివ్' అని రిపోర్ట్ వచ్చింది. అంటే మెథిసిలిన్‌కి (పెనిసిలిన్ జాతి మందు) లొంగేదే, మామూలు స్టాఫ్ (స్టాఫిలోకాకస్ బ్యాక్టీరియా) అన్నమాట. రిపోర్ట్ చూసి ధైర్యంగా సెఫలెక్సిన్ మొదలుపెట్టారు. రసి కారుతూనే ఉంది.

ఈలోపు అటెండర్ కుర్రాడికి ముంజేతి మీద సెగ్గడ్డ లేచింది. క్లినిక్‌లో గుసగుసలు రెండు రకాలు. కుక్కల నుంచి వీడికి అంటుకుందని కొందరు, వీడి చేతుల వల్లే కుక్కలకు అంటుకుందని కొందరు. పెద్ద డాక్టర్ గారైతే అతన్ని పనిలోంచి తీసేద్దామా అని నన్నే అడిగారు. అప్పటికి నేను ఆ క్లినిక్‌ గడప కూడా తొక్కలేదు, ఫోన్‌లోనే. రిజల్ట్ లేకుండా మనిషిని తీసేస్తే రేపు ఇంకొకరికి గడ్డ లేచినా ఎవరూ బయటికి చెప్పరు, అది ఇంకా ప్రమాదం అన్నాను.

వాళ్లు అప్పటికే చేసిన ప్రయత్నాలు

మొదటిది, ఓటీని ఫార్మాలిన్, పొటాషియం పర్మాంగనేట్‌తో పొగబెట్టడం. మన దగ్గర ఇన్ఫెక్షన్ అనగానే అందరికీ గుర్తొచ్చేది ఇదే. ఓటీ ఒక రోజు మూతపడింది, కళ్లు మండాయి, ఇన్ఫెక్షన్లు ఆగలేదు. ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. ఆ సంగతి పక్కన పెట్టినా, పొగ గాలిలో, గోడల మీద ఉన్నవాటిని చంపుతుందేమో గానీ తర్వాతి రోజు అదే చేత్తో, అదే క్లిప్పర్‌తో వచ్చేదాన్ని ఏం చేస్తుంది?

రెండోది, కుట్లు వేసే దారం బ్రాండ్ మార్చడం. మూడోది నా దృష్టిలో అసలు నష్టం చేసింది: ప్రతి గర్భసంచి ఆపరేషన్‌కీ తర్వాత వారం రోజులు సెఫ్ట్రయాక్సోన్. ఆలోచన అర్థమవుతుంది, భయపడ్డారు. కానీ ఆ కుక్కల చర్మం మీద సెఫలోస్పోరిన్లకి (సెఫ్ట్రయాక్సోన్, సెఫలెక్సిన్ లాంటి మందులకి) లొంగే బ్యాక్టీరియా చచ్చిపోయి, లొంగనిదానికి చోటు ఖాళీ అవుతుంది. ఆ నిర్ణయం తీసుకున్నాకే మిగతా కేసులు వచ్చాయి. ఒకదాని వల్ల ఇంకొకటి వచ్చిందని నిరూపించలేను గానీ అనుమానం మాత్రం గట్టిగానే ఉంది.

రిపోర్ట్ దగ్గర ఆగాను

సెఫాక్సిటిన్‌కి సెన్సిటివ్ అంటోంది, సెఫలెక్సిన్‌కి తగ్గడం లేదు. దీనికి రెండు వివరణలు. ఒకటి, ప్లేటు మీద బయోఫిల్మ్ (బ్యాక్టీరియా కట్టుకునే జిగురు పొర) పట్టి మందు అందడం లేదు. ఆ కుక్క వరకు ఇది సరిపోతుంది. కానీ ప్లేటు లేని, గర్భసంచి తీసిన కుక్కలకి కూడా ఇదే జరుగుతోంది. కాబట్టి రెండోది: రిపోర్టే తప్పు.

కుక్కల చర్మం, ముక్కు, నోటి మీద మామూలుగా ఉండే స్టాఫ్ జాతి ఆరియస్ కాదు, స్టాఫిలోకాకస్ సూడింటర్మీడియస్. దీన్ని వేరే జాతిగా గుర్తించిందే 2005లో. ఇది కూడా కోయాగ్యులేజ్ పరీక్షలో (ట్యూబులో ప్లాస్మా గడ్డకడుతుందా అని చూసేది) పాజిటివ్ వస్తుంది, అందుకే మనుషుల శాంపిళ్లు మాత్రమే చూసే ల్యాబ్‌లో ట్యూబ్ గడ్డకట్టగానే 'ఆరియస్' అని రాసేస్తారు. వాళ్లకి రోజూ కనిపించేది అదే మరి. అక్కడితో ఆగితే నష్టం లేదు. ఆరియస్‌లో మెథిసిలిన్ రెసిస్టెన్స్ (మందుకి లొంగకపోవడం) పట్టుకోవడానికి సెఫాక్సిటిన్ డిస్క్ (మందు పట్టించిన చిన్న బిళ్ల) వాడతారు, బాగా పనిచేస్తుంది. సూడింటర్మీడియస్‌లో అదే డిస్క్‌ని నమ్మడానికి లేదు, రెసిస్టెన్స్ ఉన్నా చాలాసార్లు సెన్సిటివ్‌గా చూపిస్తుంది. దానికి ఆక్సాసిలిన్ పెట్టాలి. జాతి పేరు తప్పు పడితే డిస్క్ తప్పు పడుతుంది, డిస్క్ తప్పు పడితే మందు తప్పు పడుతుంది. ఆ ల్యాబ్ వాళ్లు నిర్లక్ష్యం చేశారని నేననను, శాంపిల్ కుక్కదని ఫారంలో ఎవరూ రాయలేదు.

మళ్లీ చీము తీయించాను. ఈసారి పైన కారే రసి కాదు. పైన స్వాబ్ తిప్పితే చర్మం మీదున్నవన్నీ వస్తాయి. అందుకే చర్మం శుభ్రం చేసి లోపలి చీము జేబులోంచి సూదితో లాగి, వెటర్నరీ శాంపిళ్లు చూసే ల్యాబ్‌కి పంపాం. మిగతా కుక్కల్లో ఇంకా గాయం తెరుచుకుని ఉన్నవాటివి కూడా. అటెండర్‌ని మాత్రం మనుషుల డాక్టర్ దగ్గరికి పంపించాం. అతని గడ్డ కోసి చీము పరీక్షకి పంపడం, మందు రాయడం వాళ్ల పని. వెటర్నరీ డాక్టర్లు తమ సిబ్బందికి క్లినిక్ ఫ్రిజ్‌లోంచి యాంటీబయాటిక్ తీసి ఇవ్వడం నేను చాలా చోట్ల చూశాను, దయచేసి మానేయండి.

రిజల్ట్

కుక్కలన్నిటిదీ సూడింటర్మీడియస్. ఆక్సాసిలిన్ రెసిస్టెంట్, మెక్-ఏ (mecA) జన్యువు పాజిటివ్. అంటే ఎంఆర్‌ఎస్‌పీ, మెథిసిలిన్‌కి లొంగని సూడింటర్మీడియస్. ఈ జన్యువు ఉంటే పెనిసిలిన్ జాతి మందులు అతుక్కోవలసిన ప్రోటీన్ స్థానంలో ఇంకోటి తయారవుతుంది, దానికి ఈ మందులు పట్టవు. అమాక్సిసిలిన్ నుంచి సెఫ్ట్రయాక్సోన్ దాకా, చివరికి మెరోపెనెమ్ కూడా దండగే. ప్లేట్ కుక్క బ్యాక్టీరియా ఎన్‌రోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్, కోట్రైమాక్సజోల్‌లకి కూడా లొంగలేదు. క్లిండమైసిన్ సెన్సిటివ్‌గా కనిపించింది కానీ ఎరిత్రోమైసిన్ రెసిస్టెంట్. అలా ఉన్నప్పుడు డి-టెస్ట్ (ఎరిత్రోమైసిన్ పక్కన ఉంటే క్లిండమైసిన్‌కి లొంగడం తగ్గుతుందా అని చూసేది) చేయించాలి, చేయిస్తే పాజిటివ్ వచ్చింది, అంటే క్లిండమైసిన్ ఇచ్చినా మధ్యలో మొండికేస్తుంది. మిగిలినవి క్లోరాంఫెనికాల్, అమికాసిన్, రిఫాంపిసిన్, లినెజోలిడ్, వ్యాంకోమైసిన్.

అటెండర్ గడ్డలో పెరిగింది నిజంగానే స్టాఫ్ ఆరియస్, మెథిసిలిన్ రెసిస్టెంట్. ఎంఆర్‌ఎస్‌ఏ. రెండూ మొండివే, కానీ జాతి వేరు. కుక్కల కుట్లలోది అతనికి రాలేదు, అతని గడ్డలోది కుక్కలకీ పోలేదు. గడ్డ కోసి చీము తీశాక మానిపోయింది. ఎంఆర్‌ఎస్‌ఏ బయట జనంలో కూడా తిరుగుతోంది, ఎక్కడి నుంచి అంటుకుందో చెప్పలేం. మానేదాకా మాత్రం చేతికి మూసిన డ్రెస్సింగ్, ఓటీ పని బంద్, జీతం బంద్ కాదు. ఈ చివరి మాట పెద్ద డాక్టర్ గారి చేత ఒప్పించడానికి కాస్త టైం పట్టింది.

మిగతా సిబ్బంది ముక్కుల్లో కూడా స్వాబ్ తిప్పేద్దామా అన్నారు. వద్దన్నాను. కుక్కలతో పనిచేసేవాళ్ల ముక్కులో ఎంఆర్‌ఎస్‌పీ కొన్నాళ్లు ఉండి పోవచ్చు. పాజిటివ్ వస్తే ఏం చేస్తాం? ఎవరికి వచ్చినా, రాకపోయినా చేతులు శుభ్రం చేసుకోమనే చెప్తాం. చేసే పని మారనప్పుడు ఆ టెస్ట్ వల్ల మిగిలేది వేలు చూపించుకోవడమే.

ప్లేట్ ఉన్న కుక్క: మందు కంటే ముందు ఆలోచించాల్సింది

క్లినిక్‌లో అందరి మొదటి ప్రశ్న, 'లినెజోలిడ్ ఇచ్చేద్దామా?' పనిచేస్తుంది, అందులో సందేహం లేదు. కానీ మందులకు లొంగని టీబీకి 2018 నుంచి డబ్ల్యూహెచ్ఓ మొదటి వరసలో పెట్టిన మందుల్లో అదొకటి. టీబీ ఇంత ఉన్న దేశంలో కుక్క కాలికి అది వాడే ముందు వేరే దారులన్నీ చూడాలి కదా. ఇక్కడ దారులు ఉన్నాయి.

అసలు ప్రశ్న ప్లేట్ తీయాలా, ఉంచాలా అన్నది. ప్లేట్ ఉన్నంతకాలం బయోఫిల్మ్ పోదు, ఇన్ఫెక్షన్ పూర్తిగా నయం కాదు. కానీ ఎముక ఇంకా అతుక్కోలేదు. ఎక్స్‌రేలో స్క్రూలు గట్టిగానే ఉన్నాయి, ప్లేట్ కదల్లేదు. ఇన్ఫెక్షన్ ఉన్నా ఎముక కదలకుండా ఉంటే అతుక్కుంటుంది, కదిలితే అతుక్కోదు. ఇది ఆర్థోపెడిక్స్‌లో పాత సూత్రమే. కాబట్టి లక్ష్యం మార్చుకున్నాం: ఇప్పుడు నయం చేయడం కాదు, ఎముక అతికేదాకా ఇన్ఫెక్షన్‌ని అణిచి ఉంచడం, అతికాక ప్లేట్ తీసేయడం. ఈ మాట ఓనర్లకి ముందే చెప్పించాను. లేకపోతే రసి మళ్లీ కారిన ప్రతిసారీ వాళ్లకి టెన్షన్, డాక్టర్ మీద అనుమానం.

గాయం తెరిచి, చచ్చిన కండ తీసేసి, సెలైన్‌తో ఎక్కువ మొత్తంలో కడిగారు. మందుగా ముందు క్లోరాంఫెనికాల్ ఎంచుకున్నాం, ఎనిమిది గంటలకోసారి, నోటితో, ఇంట్లోనే ఇవ్వచ్చు. మనుషుల్లో అరుదుగా ఎముక మజ్జని దెబ్బతీస్తుంది కాబట్టి ఇచ్చేవాళ్లు గ్లౌజులు వేసుకోవాలి, క్యాప్సూల్ విప్పి పొడి చేయకూడదు. ఇది కుదరలేదు. కొద్ది రోజులకే కుక్క తిండి మానేసింది, వాంతులు, పైగా వెనక కాళ్లలో వణుకు. కుక్కల్లో ఈ మందుకి ఆ లక్షణం తెలిసిందే. అసలే ఒక వెనక కాలు విరిగి ఉంది, రెండో కాలు కూడా బలహీనపడితే బరువంతా ప్లేట్ మీద పడుతుంది. ఆపేశాం, వణుకు తగ్గింది.

తర్వాత అమికాసిన్, కిలోకి 15 మిల్లీగ్రాములు, రోజుకొకసారి చర్మం కింద. చీములో ఇది సరిగా పనిచేయదు, అందుకే మళ్లీ ఒకసారి కడిగించాకే మొదలుపెట్టాం. కిడ్నీలకి దెబ్బ కాబట్టి నొప్పికిస్తున్న మెలాక్సికామ్ ఆపి గబాపెంటిన్‌కి మార్చాం, క్రియాటినిన్‌తో పాటు యూరిన్‌లో కాస్ట్‌లు (కిడ్నీ సన్న గొట్టాల్లోంచి వచ్చే అచ్చులు) చూస్తూ పోయాం, ఎందుకంటే కిడ్నీ దెబ్బ యూరిన్‌లో ముందు కనిపిస్తుంది, క్రియాటినిన్ పెరిగేసరికి ఆలస్యమవుతుంది. రోజూ ఇంజెక్షన్‌కి క్లినిక్‌కి రమ్మంటే ఆ రసి కారే కాలితో వెయిటింగ్ హాల్ అంతా తిరుగుతుంది. కాంపౌండరే సాయంత్రం వాళ్లింటికి వెళ్లి చేసి వచ్చేవాడు, డ్రెస్సింగ్ కూడా అక్కడే. తీసిన గాజ్ గుడ్డని పసుపు సంచిలో వేసి వెనక్కి తెచ్చేవాడు. బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు, 2016 వెటర్నరీ క్లినిక్‌లకి కూడా వర్తిస్తాయి, చాలామందికి ఈ సంగతి తెలియదు.

వాపు దిగింది, రసి చుక్కల స్థాయికి వచ్చింది, పూర్తిగా ఆగలేదు. అది మేం అనుకున్నదే. అమికాసిన్ కోర్సు ఆపాక మళ్లీ యాంటీబయాటిక్ ఏదీ ఇవ్వలేదు, 0.05 శాతం క్లోర్‌హెక్సిడిన్‌తో కడగడం మాత్రం సాగింది.

గర్భసంచి ఆపరేషన్ కుక్కలకైతే ఇంజెక్షన్లు, మాత్రలు ఏవీ లేవు. ఇన్ఫెక్షన్ చర్మం వరకే ఉంది, జ్వరం లేదు, తింటున్నాయి. అవసరమైన చోట ఒకటి రెండు కుట్లు విప్పి చీముకి దారి ఇచ్చి, అదే క్లోర్‌హెక్సిడిన్‌తో కడిగి, నాకకుండా మెడకి కాలర్ వేశారు. మానిపోయాయి. యాంటీబయాటిక్ రాయకుండా పంపితే ఓనర్ ఇంకో డాక్టర్ దగ్గరికి పోతాడని చిన్న డాక్టర్ భయం. ఒకరు నిజంగానే పోయారు కూడా.

ఎక్కడి నుంచి వచ్చింది

సర్జన్లు ఇద్దరు వేర్వేరు, ఆపరేషన్ రోజులు వేరు, దారం వేరు. అన్ని కేసుల్లోనూ ఉమ్మడిగా ఉన్నది ప్రిపరేషన్ గది. ఆ గదిలోనే చాలాకాలంగా చర్మం జబ్బుతో వస్తున్న ఒక కుక్కకి వెంట్రుకలు తీసి మందు స్నానం చేయిస్తున్నారు. ఫైల్ తిరగేస్తే అది విడతలు విడతలుగా సెఫలెక్సిన్ మింగిన కుక్క. దాని చర్మం మీది పొక్కులోంచి కల్చర్ చేయిస్తే అదే ఎంఆర్‌ఎస్‌పీ, అదే సెన్సిటివిటీ పట్టిక.

గదిలో కనిపించిన ప్రతిదానికీ స్వాబ్ తిప్పలేదు. కుక్క చర్మానికో మూతికో తగిలి, కడగకుండా ఇంకో కుక్కకి తగిలేవి ఏవి, అని మాత్రమే చూశాం. క్లిప్పర్ బ్లేడు, మూతికి కట్టే నైలాన్ మజిల్, టేబుల్ మీద చిరిగిన స్పాంజ్ పరుపు. మూడింటిలోనూ దొరికింది. మజిల్ గురించి ఎవరూ ఆలోచించలేదు, ఈ బ్యాక్టీరియా ఎక్కువగా కాపురం ఉండేది ముక్కు, నోటి దగ్గరే కదా. క్లిప్పర్ అయితే ఇంకా ఘోరం. చర్మం మీద కంటికి కనపడని గీతలు పెడుతుంది, ఆ గీతల్లోకే పాత కుక్క బ్యాక్టీరియాని దింపుతుంది. సావ్లాన్‌లో నానబెట్టిన దూది డబ్బాలో మనం వెతికేది దొరకలేదు, సూడోమోనాస్ దొరికింది. క్రిమిసంహారక మందులో క్రిములు పెరగడం కొత్తేం కాదు, దూది ఆ మందు బలాన్ని లాగేస్తుంది, పైన పోస్తూ పోతే ఎప్పటికీ ఖాళీ కాని డబ్బా అది. పారేయించాం.

పనిచేసినవి

రెండు సెట్ల బ్లేడ్లు కొన్నారు. ప్రతి కుక్క తర్వాత విప్పి, వెంట్రుకలు బ్రష్‌తో తీసి, సబ్బు నీళ్లతో కడిగి, ఆ తర్వాతే స్పిరిట్‌లో. కడగకుండా స్పిరిట్ కొడితే వెంట్రుకల కింద ఉన్నదానికి ఏమీ కాదు. చర్మం జబ్బు కుక్కలకి విడిగా ఇంకో క్లిప్పర్. మజిల్ బదులు గాజ్ బ్యాండేజీతో మూతి కట్టి పారేయడం. చిరిగిన పరుపు తీసేసి తుడవడానికి వీలయ్యే రెక్సిన్ మ్యాట్. ఆపరేషన్లు పొద్దున్న, చర్మం, చీము కేసులు రోజు చివర్లో. ఆ తర్వాత టేబుల్ కడిగి, 0.1 శాతం హైపోక్లోరైట్ పోసి పది నిమిషాలు తడిగా ఉంచాలి. ఈ పది నిమిషాలే అన్నిటికంటే కష్టంగా అమలైంది, తుడిచేయాలని చేతులు లాగుతాయి.

హ్యాండ్ రబ్ సీసా డాక్టర్ గారి టేబుల్ మీద ఉండేది. కాంపౌండర్ కుక్కని పట్టుకుని ఉన్న చోటు నుంచి అది ఒక గది అవతల. 'నేను కడుక్కుంటూనే ఉన్నా సార్' అని అతనన్నది అబద్ధం కాదు, రోజు మొదట్లో, చివర్లో కడుక్కుంటున్నాడు, రెండు కుక్కల మధ్య కాదు. ప్రిపరేషన్ టేబుల్ కాలికే సీసా కట్టించాం. పోస్టర్లు అంటించడం కంటే ఇది వంద రెట్లు పనిచేసింది.

యాంటీబయాటిక్ విషయంలో, శుభ్రమైన గర్భసంచి ఆపరేషన్‌కి తర్వాత ఏమీ ఇవ్వొద్దని నిర్ణయించాం. ప్లేట్లకి, ఎక్కువసేపు పట్టేవాటికి కోతకి ముందు గంట లోపు సెఫజోలిన్ కిలోకి 22 మిల్లీగ్రాములు నరానికి, ఆపరేషన్ సాగితే 90 నిమిషాలకి మళ్లీ. ఎంఆర్‌ఎస్‌పీకి ఇది పనిచేయదు కదా అని చిన్న డాక్టర్ అడిగారు. నిజమే. కానీ దానికి పనిచేసే మందుని ప్రతి కుక్కకీ ముందుగా ఇస్తే, ఏడాది తిరిగేసరికి ఆ మందు కూడా ఉండదు. దాన్ని ఆపాల్సింది బ్లేడు దగ్గర, చేతుల దగ్గర.

ఇంట్లో వాళ్లకి ఏం చెప్పాం

ప్లేట్ కుక్క ఇంట్లో పెద్దావిడకి షుగర్, పాదం మీద మానని పుండు. 'డాక్టర్ గారూ, కుక్కని ఎక్కడైనా వదిలేయాలా?' అని కొడుకు అడిగాడు. ఇలాంటి రిపోర్టులు చెప్పేటప్పుడు నాకు అన్నిటికంటే భయం ఇదే. ఎంఆర్‌ఎస్‌పీ మనుషులకి అంటుకుని జబ్బు చేయడం అరుదు, కానీ మానని పుండు ఉన్నవాళ్ల విషయంలో తేలిగ్గా తీసుకోలేం. అవసరం లేదు, పెద్దావిడ పుండు ఎప్పుడూ మూసి ఉంచండి, ఆవిడ కుక్క డ్రెస్సింగ్ ముట్టుకోవద్దు, కుక్క గాయం మానేదాకా మంచం మీదికి రానివ్వకండి, ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి, ఆవిడని చూసే డాక్టర్‌కి ఈ రిపోర్ట్ చూపించండి. అంతే చెప్పాం. ఆవిడకి ఏమీ కాలేదు.

ఎముక అతికిందని ఎక్స్‌రేలో కనిపించాక ప్లేట్ తీశారు, రోజు చివరి కేసుగా. ప్లేట్ మీద అదే బ్యాక్టీరియా పెరిగింది, బయటికి గాయం దాదాపు మూసుకునే ఉన్నా. తీశాక యాంటీబయాటిక్ లేకుండానే కాలు మానింది. ఆ కుక్క ముక్కులో అది ఇంకా నెలల తరబడి ఉండొచ్చు, అందుకే ఫైల్ అట్ట మీద ఎర్ర పెన్నుతో రాయించాం, ఎప్పుడొచ్చినా వెయిటింగ్ హాల్లో కూర్చోబెట్టకుండా నేరుగా లోపలికి. చర్మం జబ్బు కుక్కకి సెఫలెక్సిన్ ఆపి, క్లోర్‌హెక్సిడిన్ స్నానాలు పెంచి, అసలు దురద ఎందుకొస్తోందో ఎలర్జీ వైపు నుంచి చూస్తున్నారు. అది ఇంకా తేలలేదు.

ల్యాబ్‌కి శాంపిల్ పంపే డాక్టర్లు ఫారం మీద ఇవి రాయండి: ఏ జంతువు, ఎక్కడి నుంచి ఎలా తీశారు, ఇప్పటిదాకా ఏ మందు వాడారు. కింద ఒక వాక్యం: 'కోయాగ్యులేజ్ పాజిటివ్ స్టాఫ్ అయితే జాతి నిర్ధారించండి, సూడింటర్మీడియస్ అయితే ఆక్సాసిలిన్ పెట్టండి, ఎరిత్రోమైసిన్ రెసిస్టెంట్ అయితే డి-టెస్ట్ చేయండి.' మాల్డీ-టాఫ్ మెషిన్ (బ్యాక్టీరియా జాతిని గుర్తించేది) లేని ల్యాబ్ అయినా పీవైఆర్ అనే ఎంజైమ్ పరీక్షతో ఈ రెండు జాతుల్ని చాలావరకు విడదీయచ్చు. సూడింటర్మీడియస్ పాజిటివ్ వస్తుంది, ఆరియస్ రాదు. ఆ క్లినిక్ వాళ్లు ఈ వాక్యాన్ని రబ్బర్ స్టాంప్ చేయించుకున్నారు.